అటక మీది పాత క్రికెట్ బంతులు: దేన్ని ఆటకు తీయాలి, దేన్ని పక్కన పెట్టాలి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో కొన్నేళ్లుగా నడుస్తున్న క్రికెట్ క్లబ్బు ఏదైనా సరే, దాని సామాన్ల గదిలో ఒక పాత ఇనప్పెట్టో, జిప్పు ఊడిన కిట్ బ్యాగో తప్పకుండా ఉంటుంది. అందులో అట్టపెట్టె విప్పని బంతులు కొన్ని, సగం ఆడినవి కొన్ని, కుట్లు ఊడినవి కొన్ని ఉంటాయి. వాటితో పాటు ఎవరు ఎప్పుడు వేశారో తెలియని రెండు మూడు కార్క్ బాల్స్ కూడా ఉంటాయి. కోవిడ్ కాలంలో ఆటలు ఆగినప్పుడు మూలపడినవి కొన్నైతే, క్లబ్బు బాధ్యత చూసే పెద్దమనిషి ఉద్యోగం మీద ఊరు మారినప్పుడు అటకెక్కినవి మరికొన్ని. వేసవి శిక్షణ శిబిరం పెడదామని ఎవరో ముందుకు వచ్చిన రోజున ఆ పెట్టె కిందికి దిగుతుంది, ఉన్నవాటితో సరిపెట్టుకుందామా, కొత్తవి తెప్పిద్దామా అన్న చర్చ మొదలవుతుంది. ఈ వ్యాసం ఆ చర్చలో కూర్చున్నవారి కోసం రాసినది.

నా అభిప్రాయం ముందే చెప్పడం మంచిది. అట్టపెట్టెలో మెరుస్తూ, నిన్ననే కొన్నట్టు కనిపించే ఆడని పాత బంతినే అన్నిటికంటే ఎక్కువగా అనుమానించాలి. రంగు వెలిసి, ఒక పక్క గరుకెక్కి, సీమ్ (బంతి చుట్టూ ఎత్తుగా ఉండే కుట్టు) అణిగిపోయిన ఆడిన బంతి నుంచే క్లబ్బుకు ఎక్కువ పని దొరుకుతుంది. చాలా క్లబ్బుల్లో దీనికి సరిగ్గా తలకిందులుగా జరుగుతుంది. మెరిసేదాన్ని మ్యాచ్ కోసం జాగ్రత్తగా దాచి, గరుకుదాన్ని చిన్నపిల్లలకు ఇచ్చేస్తారు.

పెట్టెలో ఉన్నన్నాళ్లూ బంతికి ఏమవుతుంది

లెదర్ బంతి లోపల కార్క్ గుండు ఉంటుంది, దాని మీద ఉన్ని దారాన్ని బిగించి పొరలు పొరలుగా చుడతారు, ఆపైన తోలు తొడుగుతారు. మంచి రకం బంతిలో ఆ తోలు నాలుగు ముక్కలుగా ఉంటుంది. రెండేసి ముక్కలను లోపలి వైపు నుంచి కుట్టి ఒక్కో అర్ధగోళంగా చేసి, ఆ రెండు అర్ధగోళాలను బయట ఆరు వరసల కుట్టుతో కలుపుతారు. మనం సీమ్ అని పిలిచేది ఈ ఆరు వరసలనే. మీరట్‌లో తయారయ్యే ఎస్‌జీ కంపెనీ బంతుల్లో మేలురకాలకు ఈ వరసలన్నీ చేత్తోనే కుడతారు కనుక సీమ్ ఎత్తుగా నిలబడుతుంది, ఎక్కువ ఓవర్లు అలాగే ఉంటుంది. చౌకగా దొరికే టూ పీస్ బంతుల్లో తోలు రెండు ముక్కలే కాబట్టి ఆకారం త్వరగా చెడుతుంది.

అంటే బంతిలో కార్క్, ఉన్ని, తోలు, దారం అనే నాలుగు వేర్వేరు పదార్థాలు ఉన్నాయి, నిల్వలో ఈ నాలుగూ నాలుగు రకాలుగా ముదురుతాయి. ఎండాకాలంలో పైకప్పు స్లాబు కిందున్న అటక ఎంత వేడెక్కుతుందో రోహిణి కార్తెలో ఒక్కసారి అక్కడికి ఎక్కినవారికి తెలుసు. ఆ వేడికి తోలులోని తేమ, జిడ్డు తగ్గి అది బిరుసెక్కుతుంది, పైన పూసిన లక్క పొర పెళుసుబారుతుంది. ఆ తర్వాత అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు మన తీరం మీద కురుస్తాయి. కావలి, సింగరాయకొండ, కొత్తపట్నం వైపు ఆ రోజుల్లో ఇంట్లో ఉప్పు డబ్బా కూడా చెమ్మగిల్లుతుంది. అప్పుడు ఉన్ని తేమను పీల్చుకుని ఉబ్బుతుంది, వేసవిలో మళ్లీ ఎండుతుంది. ఇలా ఏటా ఉబ్బుతూ ఎండుతూ ఉంటే లోపలి చుట్టు వదులై, బంతి గుండ్రదనం కొద్ది కొద్దిగా తప్పుతుంది. కుట్టు దారానికి పట్టిన తేమ దాన్ని మెల్లగా చివికిస్తుంది. ఉదయగిరి, దర్శి వైపు పొడి ప్రాంతాల్లో బూజు బెడద తక్కువ, కానీ తోలు ఎండి పగలడం ఎక్కువ. ఒకే ఏడాది కొన్న ఒకే రకం బంతులు ఈ రెండు చోట్లా రెండు విధాలుగా చెడతాయి కాబట్టి, కొన్న సంవత్సరం ఒక్కటీ చూసి తీర్పు చెప్పలేం.

ఆడిన బంతి విషయం కొంచెం వేరు. దెబ్బలు తిని తోలు అప్పటికే సాగి, లోపలి చుట్టు ఎంత వదులు కావాలో అంతా అయి ఉంటుంది, లక్క పొర ఎప్పుడో రాలిపోయి ఉంటుంది. నిల్వలో అది ఇంకా చెడవచ్చు, కానీ దాని పరిస్థితి పైకి కనిపిస్తూనే ఉంటుంది. ఆడని బంతిలో ఈ మార్పులన్నీ మెరుపు వెనక జరుగుతాయి. దాన్ని తొలి ఓవర్లో సిమెంటు పిచ్ మీద గట్టిగా వేసినప్పుడు లక్క పెచ్చులుగా లేస్తుంది, కుట్టు ఒకచోట తెగుతుంది, పదో ఓవరు వచ్చేసరికి ఆకారం కోడిగుడ్డుకు దగ్గరవుతుంది.

చేతిలోకి తీసుకుని చూడవలసినవి

మూత తీయగానే ముక్కిన వాసన వస్తే ముందు బంతులన్నీ నీడలో, గాలి ఆడేచోట ఒక పాత దుప్పటి మీద రెండు మూడు రోజులు పరచాలి. ఎండలో పెట్టకూడదు. సీమ్ సందుల్లో తెల్లగానో పచ్చగానో కనిపించే బూజును పళ్లు తోముకునే మెత్తని పొడి బ్రష్షుతో, కుట్టు సాగే దిక్కులోనే తోసి దులపాలి. అడ్డంగా రుద్దితే చివికిన దారం పోగులు లేస్తాయి. తోలు మీది బూజును నీళ్లలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో అద్దాలి. బంతిని నీళ్లలో ముంచడం, సబ్బు పెట్టి కడగడం, పెట్రోలుతోనో థిన్నరుతోనో తుడవడం మాత్రం ఎంత మురికిగా ఉన్నా చేయవద్దు. నీరు ఉన్నిలోకి దిగితే బంతి బరువెక్కుతుంది, ఆ తర్వాత ఎండినా పాత ఆకారం రాదు.

తరువాతి పని తూకం. క్రికెట్ నియమావళి నాలుగో నియమం ప్రకారం పురుషుల మ్యాచ్ బంతి 155.9 నుంచి 163 గ్రాముల మధ్య ఉండాలి, చుట్టుకొలత 22.4 నుంచి 22.9 సెంటీమీటర్ల మధ్య ఉండాలి. కిరాణా కొట్టు కాటాలో ఐదు గ్రాముల తేడా తెలియకపోవచ్చు. బంగారం తూచే ఎలక్ట్రానిక్ కాటా ఉన్న దుకాణంలో తెలిసినవారిని అడిగితే క్షణంలో తేలిపోతుంది. చుట్టుకొలతకు దర్జీ టేపు చాలు. సీమ్ వెంబడి ఒకసారి, సీమ్‌కు అడ్డంగా రెండుసార్లు కొలిచి మూడింటినీ పోల్చాలి. మూడూ హద్దుల్లోనే ఉన్నా, వాటి మధ్య తేడా స్పష్టంగా కనిపిస్తే బంతి గుండ్రదనం తప్పిందని అర్థం. అంపైర్లు వాడే రెండు కడియాల గేజు దొరికితే ఇంకా మంచిది, ఒక కడియంలోంచి బంతి దూరాలి, రెండోదాంట్లోంచి దూరకూడదు.

గుండ్రదనానికి మరో పరీక్ష నున్నని నేల మీద దొర్లించడం. ప్రకాశం జిల్లాలో ఈ పరీక్షకు కావలసిన నేల వెతుక్కోనక్కరలేదు, చీమకుర్తి గ్రానైటు పరచిన వసారా ఏ వీధిలోనైనా దొరుకుతుంది. బంతిని సీమ్ నిలువుగా ఉండేలా పట్టుకుని మెల్లగా దొర్లించినప్పుడు అది తిన్నగా సాగి ఆగాలి. నడుమ తడబడితేనో, ఆగే ముందు ఒక పక్కకు ఒరిగి వెనక్కి ఊగితేనో లోపలి గుండు పక్కకు జరిగి ఉండవచ్చు. అలాంటి బంతి నేల మీద పడ్డాక బ్యాట్స్‌మన్ ఊహించని తీరులో లేస్తుంది, బౌలరుకు తన తప్పేదో తెలియకుండా పోతుంది.

ఎగిరే గుణం తెలుసుకోవడానికి ఒక కొత్త బంతినీ పాత బంతినీ రెండు చేతుల్లో భుజం ఎత్తున పట్టుకుని సిమెంటు నేల మీదికి ఒకేసారి వదిలితే చాలు. పాతది బాగా తక్కువ ఎగిరితే లోపల చచ్చిందన్నమాట, కొత్తదానికంటే ఎక్కువ ఎగిరి గట్టిగా ఠంగుమంటే ఎండి రాయయిందన్నమాట. రెండోదే ప్రమాదకరం. చివరగా సీమ్‌ను బొటనవేలితో నొక్కుతూ చుట్టూ తిప్పాలి. ఎక్కడైనా కుట్టు కదిలినా, దారం పొడిగా రాలినా ఆ బంతిని ఫాస్ట్ బౌలింగుకు ఇవ్వకూడదు.

మ్యాచా, నెట్సా, త్రోడౌన్లా

ఈ పరీక్షలన్నీ నెగ్గిన ఆడని పాత బంతిని లీగ్ మ్యాచ్‌కు తీయవచ్చా అని అడిగితే నా సలహా తీయవద్దనే. నియమం ప్రకారం మ్యాచ్‌లో వాడే బంతులను ఆట మొదలు కాకముందే అంపైర్లు, కెప్టెన్లు చూసి ఆమోదించాలి. పైకి చూస్తే వాళ్లూ ఆమోదిస్తారు. కానీ పదిహేను ఓవర్లకే ఆకారం చెడితే ఆట ఆపి మార్చవలసి వస్తుంది, ఓడిన జట్టు ఆ సంగతి ఏడాదంతా చెప్పుకుంటుంది. రెండు జట్లకూ ముందే చెప్పి స్నేహపూర్వక మ్యాచ్‌లో వాడుకోవడంలో తప్పు లేదు. అంతకంటే మంచి దారి, శిబిరంలో ఓపెనింగ్ బౌలర్లకు ఇచ్చి నెట్స్‌లో (చుట్టూ వల కట్టిన సాధన పిచ్‌లలో) ఆడించడం. సీమ్ ఇంకా ఎత్తుగా ఉంది కనుక కొత్త బంతిని ఎలా పట్టుకోవాలో, సీమ్ నిలువుగా పడేలా మణికట్టును ఎలా ఉంచాలో కుర్రాళ్లకు అలవాటవుతుంది, క్లబ్బు మీద కొత్త బంతి ఖర్చూ పడదు. అయితే తొలిరోజు బ్యాట్స్‌మన్‌ను ఎదురుగా నిలబెట్టకుండా ఖాళీ వికెట్ల మీదికే కొన్ని ఓవర్లు వేయించి, బంతి ఎలా నిలబడుతోందో చూసుకోవాలి.

ఆడిన బంతులకు నాలుగైదు రకాల పనులున్నాయి, వాటిలో అన్నిటికంటే విలువైనదాన్ని మన క్లబ్బులు బొత్తిగా పట్టించుకోవు. మ్యాచ్ నడుమ బంతి పోయినా, ఆడలేనంతగా చెడినా, అప్పటికి ఆ బంతి ఎంత అరిగిందో దాదాపు అంతే అరిగిన మరో బంతిని అంపైర్లు ఇవ్వాలని నియమం చెబుతోంది. పెద్ద మ్యాచ్‌లలో దీని కోసం రకరకాలుగా అరిగిన బంతుల పెట్టె ఒకటి సిద్ధంగా ఉంటుంది. మన ఊళ్లలో చెరువుకట్ట పక్కనో, సర్కారు తుమ్మ కంప ఆనుకునో ఉన్న మైదానాల్లో బంతి పోవడం రోజూ జరిగేదే. అప్పుడు ఇరవై ఓవర్లు ఆడిన బంతికి బదులు కొత్త బంతి ఇస్తే బౌలింగ్ జట్టుకు లాభం, పిండిలా మెత్తబడినది ఇస్తే బ్యాటింగ్ జట్టుకు లాభం, ఎలా ఇచ్చినా గొడవే. అందువల్ల తూకం, చుట్టుకొలత హద్దుల్లో ఉన్న ఆడిన బంతులను అరుగుదల ప్రకారం పది, ఇరవై, ముప్పై, నలభై ఓవర్ల వరసలుగా విడదీసి, ఒక్కోదాన్ని ఒక్కో గుడ్డసంచిలో వేసి సంచి మీద ఓవర్లు రాసి ఉంచాలి. బంతి మీద పెన్నుతో రాయకూడదు. ఎన్ని ఓవర్లు ఆడినదో తెలియకపోతే, తెలిసిన బంతి పక్కన పెట్టి మెరుపు, సీమ్ ఎత్తు పోల్చి నిర్ణయించుకోవచ్చు. ఈ పెట్టె ఉన్న క్లబ్బుకు టోర్నమెంటు జరిపేవారి దగ్గర ఉండే మర్యాద వేరు.

నెట్స్‌లో పాత బంతి ఎవరికి ఇస్తున్నామన్నది ముఖ్యం. నలభై ఓవర్లు దాటి ఒక పక్క బాగా గరుకెక్కిన ఎర్రబంతి కాస్త వేగం ఉన్న బౌలరుకు రివర్స్ స్వింగ్ (పాత బంతిని గాలిలో మామూలు స్వింగ్‌కు ఎదురు దిక్కుకు తిప్పడం) నేర్చుకునే సాధనం. ఎండిన మైదానాలు, కొబ్బరిపీచు మ్యాటింగ్ వికెట్లు ఉన్న మన జిల్లాల్లో బంతి తొందరగా గరుకెక్కుతుంది కాబట్టి ఆ విద్యకు ఇక్కడ అవసరమూ ఉంది, అవకాశమూ ఉంది. స్పిన్నర్లకు సీమ్ అణిగిన బంతి మ్యాచ్ మధ్య ఓవర్లలో ఎదురయ్యేదే కనుక అదే ఇవ్వాలి. అయితే వారమంతా దానితోనే వేయించడం సరికాదు, ఎందుకంటే కొత్త బంతితో వేయవలసిన రోజు వస్తే వేళ్లకు పట్టు దొరకదు. ఓపెనింగ్ బ్యాట్స్‌మెన్‌కు మాత్రం పాత బంతులతో చేసే సాధన తక్కువ మేలు చేస్తుంది, కొన్నిసార్లు చెరుపు కూడా చేస్తుంది. ఆలస్యంగా, తక్కువ ఎత్తులో వచ్చే బంతికి అలవాటుపడి మ్యాచ్‌లో కొత్త బంతికి చేయి ముందుకు చాచి స్లిప్‌లో దొరికిపోతారు.

త్రోడౌన్లకు (బ్యాట్స్‌మన్ సాధన కోసం దగ్గరి నుంచి చేత్తో బంతి విసరడానికి), క్యాచ్‌ల సాధనకు ఆడి మెత్తబడిన బంతిని మించినది లేదు. ఎండి రాయైన బంతిని మాత్రం ఈ పనికి అస్సలు వాడవద్దు. స్లిప్ క్యాచ్‌లలో అరచేతికీ వేళ్లకూ తగిలే దెబ్బ కుర్రవాడిని నెలల తరబడి బంతికి భయపడేలా చేస్తుంది. పదమూడేళ్ల లోపు పిల్లలకు నియమావళిలోనే తేలిక బంతి ఉంది, దాని బరువు 133 నుంచి 144 గ్రాములు, పెద్దల బంతికంటే చిన్నది కూడా. పెద్దల బంతి పాతదై మెత్తబడింది కదా అని పిల్లల చేతికి ఇవ్వడం మన దగ్గర మామూలే, కానీ మెత్తదనం వల్ల బరువు తగ్గదు. హెల్మెట్ లేకుండా ఏ లెదర్ బంతినీ పిల్లలు ఎదుర్కోకూడదు, అది పాతదైనా సరే.

మరో పని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ తప్పు జరిగితే బంతి ఖరీదుకు ఎన్నో రెట్ల నష్టం. ఇంగ్లిష్ విల్లో అనే మేలురకం కలపతో చేసిన బ్యాటు కొత్తగా కొన్నప్పుడు దాన్ని నేరుగా మ్యాచ్‌కు తీసుకెళ్లరు. చెక్క సుత్తితోనో, పాత మేజోడులో వేసి వేలాడదీసిన బంతితోనో మెల్లమెల్లగా కొట్టి, పైనున్న పీచును అణచి గట్టిపరుస్తారు. ఆ తర్వాత మెత్తని పాత బంతితో తేలికపాటి క్యాచ్‌లు ఇచ్చి, ఆపైనే కొత్త బంతి ఎదుర్కొంటారు. ఈ రెండో మెట్టుకు కావలసింది మేలురకపు ఆడిన బంతి. అటక మీద ఎండిన ఆడని బంతితోనో, చౌక రకం గట్టి బంతితోనో ఈ పని చేస్తే అంచు చీలుతుంది, అడుగుభాగం పగులుతుంది. వేలు పోసి కొన్న బ్యాటు పగిలిందని కంపెనీని తిట్టేముందు ఏ బంతితో ఆడించారో అడిగి చూడండి, తరచుగా జవాబు అక్కడే దొరుకుతుంది. కాబట్టి పెట్టెలోని మంచి ఆడిన బంతుల్లో రెండింటిని బ్యాట్ల కోసమే విడిగా ఉంచడం తెలివైన పని.

బౌలింగ్ మెషీను ఉన్న అకాడమీలు పాత లెదర్ బంతులను దానిలో వేయాలని చూస్తుంటాయి. బంతిని విసిరే దాని చక్రాల మధ్య ఎత్తైన సీమ్ ఒక్కోసారి ఒక్కోలా పట్టుకుంటుంది కాబట్టి బంతి ఎక్కడికి పోతుందో చెప్పలేం, చక్రాలూ అరుగుతాయి. దానికి గుంటలున్న మెషీను బంతులే వాడాలి. అవి కూడా చెమ్మలో ఏళ్ల తరబడి ఉండి పైన జిగురుగా మారితే పారేయవలసిందే.

తెల్లవి, గులాబీవి, తక్కినవి

ఎర్రబంతి తోలుకు రంగు లోపలి దాకా పడుతుంది. తెల్లబంతికి పైన పూత పూస్తారు, గులాబీ బంతికి ఆ పూత ఇంకా ఎక్కువ. గులాబీ బంతితో తొలి డేనైట్ టెస్టు 2015 నవంబరులో అడిలైడ్‌లో జరిగింది. ఆ తరువాత మన దేశం 2019 నవంబరులో ఈడెన్ గార్డెన్స్‌లో మొదటిసారి ఆడింది. అప్పటి ఉత్సాహంలో కొన్న గులాబీ బంతులు కొన్ని క్లబ్బుల్లో ఇప్పటికీ మూలుగుతున్నాయి. ఈ పూత బంతులు నిల్వలో ఎర్రవాటికంటే ముందే చెడతాయి. తెల్లది పసుపుబారుతుంది, పూతలో సన్నని పగుళ్లు వస్తాయి, ఆడడం మొదలుపెట్టగానే పెచ్చులు లేస్తాయి. పసుపుబారిన తెల్లబంతి ఫ్లడ్‌లైట్ల కింద సరిగా కనిపించదు కాబట్టి రాత్రి మ్యాచ్‌కు పనికిరాదు. పగటిపూట ఫీల్డింగ్ సాధనకు వాడుకుని త్వరగా అరగదీయడమే దానికి సరైన గతి. ఎర్ర, తెల్ల బంతుల్లో దేన్ని ముందు వాడాలని సందేహం వస్తే తెల్లదాన్నే ముందు వాడండి.

కార్క్ బాల్ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. కొత్తగా ఉన్నప్పుడే అది రాయి, పాతబడితే పెళుసై ముక్కలు లేస్తుంది, లేచిన అంచు కంటికి తగిలితే చాలా ప్రమాదం. పారేయండి. సింథటిక్ బంతులు పగుళ్లు లేకుంటే పిల్లల ఫీల్డింగుకు పనికొస్తాయి. సంక్రాంతి పోటీల కోసం కొని మిగిల్చిన టెన్నిస్ బంతుల్లో గాలి నింపిన రకం ఎప్పుడో చచ్చి ఉంటుంది. మందపాటి రబ్బరుతో చేసే హెవీ టెన్నిస్ బంతులు అంతకంటే ఎక్కువ కాలం నిలుస్తాయి. నొక్కినప్పుడు రబ్బరు పగులు గీతలు కనిపించకపోతే, పైనున్న నూగు ఊడకపోతే వీధి ఆటకు నిశ్చింతగా వాడుకోవచ్చు.

బాగు చేయించడమా, కొత్తవి కొనడమా

బిరుసెక్కిన తోలుకు కొబ్బరినూనె పట్టించడం, ఎర్ర బూటు పాలిషు రుద్దడం మన దగ్గర పాత అలవాట్లు. నూనె తోలును మెత్తబరుస్తుంది గానీ దారంలోకి, లోపలి ఉన్నిలోకి కూడా దిగి బంతిని బరువెక్కిస్తుంది, ఆపైన దుమ్మును పట్టుకుంటుంది. పాలిషు మెరుపు తెస్తుంది, లోపలి లోపం మాత్రం అలాగే ఉంటుంది. సాధన బంతికి రంగులేని మైనం పాలిషు పలుచగా రుద్దడం వల్ల తోలు పగుళ్లు కొంత ఆగుతాయి, దానికి అభ్యంతరం లేదు. అయితే అలా ఏదైనా పూసిన బంతిని మ్యాచ్ పెట్టెలో కలపకూడదు. మ్యాచ్‌లో బంతికి ఏ కృత్రిమ పదార్థమూ పూయకూడదని నియమం, ఉమ్ముతో మెరుగు పెట్టడాన్ని కూడా అంతర్జాతీయ క్రికెట్ మండలి 2020లో తాత్కాలికంగా, 2022లో శాశ్వతంగా నిషేధించింది. అలాంటప్పుడు పాలిషు వాసన వేసే బంతిని అంపైరు చేతికి ఇచ్చి అనుమానం కొనితెచ్చుకోవడం దేనికి?

ఊడిన కుట్టును చెప్పులు కుట్టేవారి చేత మైనం పట్టించిన దారంతో కుట్టించవచ్చు. తెగినది రెండు మూడు కుట్లే అయి, తక్కిన దారం బలంగా ఉంటే ఇది చవకైన మంచి పరిష్కారం, అలా కుట్టిన బంతి త్రోడౌన్లకు మరో సీజను పనికొస్తుంది. కుట్టించిన చోట సీమ్ ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి దాన్ని ఫాస్ట్ బౌలరుకు ఇవ్వవద్దు. దారం మొత్తం చివికి ఉంటే ఒకచోట కుట్టేలోగా మరోచోట తెగుతుంది, ఆ శ్రమ దండగ. ఆకారం చెడిన బంతికి మరమ్మతు లేదు.

ఇక డబ్బు సంగతి. మ్యాచ్‌లకు, ఓపెనింగ్ బ్యాట్స్‌మెన్ సాధనకు కొత్త బంతులు తప్పవు, అక్కడ పొదుపు చేయాలని చూడకూడదు. మిగతా అన్నిటికీ, అంటే స్పిన్, రివర్స్, క్యాచ్‌లు, త్రోడౌన్లు, కొత్త బ్యాట్లను ఆటకు సిద్ధం చేయడం, బదులు బంతుల పెట్టె, వీటన్నిటికీ పాతవి సరిపోతాయి. కొన్ని క్లబ్బులు ఉన్న డబ్బుతో చౌక రకం బంతులు డజన్ల కొద్దీ కొంటాయి. అంతకంటే మేలురకం ఫోర్ పీస్ బంతులు తక్కువ సంఖ్యలో కొని, మ్యాచ్ అయ్యాక ఒక్కోదాన్ని నెట్స్‌కు, ఆ తర్వాత త్రోడౌన్లకు, చివరకు బ్యాట్లకు దింపుతూ పోవడం లాభం. చౌక బంతి మొదటి మెట్టులోనే అయిపోతుంది, మంచి బంతి నాలుగు మెట్లూ దిగుతుంది.

కొనే కాలం కూడా చూసుకోవాలి. చాలామంది జూన్‌లో కాలేజీలు తెరిచే వేళ నిధులు రాగానే కొనేస్తారు, అవి ఈశాన్య రుతుపవనాల చెమ్మంతా పీల్చుకున్నాక జనవరిలో గానీ మైదానం ఎక్కవు. వానలు వెనకబట్టాక డిసెంబరు చివర కొంటే ఆ మూడు నెలల తడి తప్పుతుంది, మన ఆట సీజనూ అప్పుడే మొదలవుతుంది. మిగిలినవాటిని అటక మీద కాకుండా, గాలి తగిలే గదిలో గోడకు ఆనకుండా, ఎలుకలకు చెదలకు అందని చెక్క అలమరలో ఉంచాలి. ప్లాస్టిక్ కవరులో బిగించకుండా గుడ్డసంచిలో వేసి, పక్కన సిలికా జెల్ పొట్లం పెట్టి, వానాకాలంలో నెలకోసారి తీసి తుడవాలి. సంచి మీద కొన్న నెల, రకం, ఆడిన ఓవర్లు రాసి ఉంచితే తరువాత బాధ్యత తీసుకునేవారు బంగారం కాటా కోసం తిరగనక్కరలేదు.